నకిలీ సరుకును రేవులోనే ఆపించే కస్టమ్స్ నమోదు: ఈయూ, అమెరికా, భారత్ సేవలు ఎలా ఉన్నాయి?

నకిలీ సరుకు మార్కెట్లోకి దిగాక దాని వెంటపడటం కన్నా రేవులో ఉండగా పట్టుకోవడం ఎన్నో రెట్లు సులువు. రేవులో అది ఒకే కంటైనర్‌లో, ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి ప్రకటన పత్రం) మీద, ఒకే దిగుమతిదారు పేరున ఉంటుంది. గేటు దాటిందంటే వంద దుకాణాలకు చెల్లాచెదురైపోతుంది. అప్పుడు ఒక్కో దుకాణం మీద ఒక్కో కేసు వేసుకుంటూ పోవాలి. అందుకే 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన ట్రిప్స్ (మేధో సంపత్తి హక్కుల వాణిజ్య అంశాల) ఒప్పందంలో 51 నుంచి 60 దాకా ఉన్న అధికరణాలన్నీ సరిహద్దు చర్యలకే కేటాయించారు. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు తమ కస్టమ్స్ శాఖలో హక్కుదారుల కోసం ఒక కిటికీ తెరవాల్సి వచ్చింది ఆ అధికరణాల వల్లే. ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లలో చాలామంది ఆ కిటికీ దాకా వెళ్లరు. మార్కు రిజిస్టర్ అయింది కాబట్టి కస్టమ్స్ వాళ్లే చూసుకుంటారనుకుంటారు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ వేరు, కస్టమ్స్‌లో నమోదు వేరు. రెండోది మీరు అడిగితేనే జరుగుతుంది.

ముందుగా మా అభిప్రాయం. ఈ సేవల్ని ఫీజు చూసి బేరీజు వేస్తే తప్పుదారి పడతారు. ఏ దేశంలోనైనా దరఖాస్తు ఖర్చు చిన్నదే. సరుకు ఆగిన మర్నాటి నుంచి మీ మీద పడే పని ఎంత, కట్టాల్సింది ఎంత అన్నదే అసలు లెక్క. ఆ లెక్కన, హక్కుదారు మీద భారం తక్కువగా పడేది అమెరికాలో. పరిధి విశాలంగా ఉండి, చురుగ్గా స్పందించేవాళ్లకు బాగా పనికొచ్చేది ఈయూ. భారత్ పద్ధతి నియమాల వరకు పటిష్ఠంగానే ఉంది కానీ, బాండు (నష్టం వస్తే కడతానని రాసిచ్చే పూచీ పత్రం) దగ్గర చిన్న సంస్థల నడుం విరుస్తుంది.

ఒప్పందం ఇచ్చే కనీస హామీ ఏమిటో తెలిస్తే మిగతాది అర్థం చేసుకోవడం తేలిక. నకిలీ ట్రేడ్‌మార్క్ సరుకు, పైరసీ కాపీరైట్ సరుకు దిగుమతి అవుతుంటే ఆపమని అడిగే వీలు తప్పనిసరిగా ఉండాలి (అధికరణం 51). అడిగేవాళ్లు ప్రాథమిక ఆధారం చూపాలి, సరుకును కస్టమ్స్ సులువుగా గుర్తుపట్టేంత వివరంగా వర్ణించాలి (52). పూచీకత్తు అడిగే అధికారం కస్టమ్స్‌కు ఉంటుంది (53). ఆపినట్టు నోటీసు అందిన 10 పనిదినాల్లో కేసు మొదలుపెట్టకపోతే సరుకు వదిలేస్తారు, తగిన కారణం ఉంటే ఇంకో 10 పనిదినాలు ఇవ్వొచ్చు (55). పొరపాటున ఆపిస్తే దిగుమతిదారుకు నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు (56). పేటెంట్లు, ఎగుమతులు, ఒక దేశం మీదుగా మరో దేశానికి పోయే సరుకు – ఇవి ఆ తప్పనిసరి జాబితాలో లేవు, దేశాల ఇష్టానికి వదిలేశారు. మూడు సేవల మధ్య తేడాలు చాలావరకు ఈ వదిలేసిన జాగాలోంచే పుట్టాయి.

యూరోపియన్ యూనియన్

2014 జనవరి 1 నుంచి ఇక్కడ 608/2013 నియంత్రణ నడుస్తోంది. ఈయూఐపీఓ (ఈయూ మేధో సంపత్తి కార్యాలయం) నడిపే ఐపీ ఎన్‌ఫోర్స్‌మెంట్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టాలి. దీన్ని ‘అప్లికేషన్ ఫర్ యాక్షన్’ అంటారు, వాడుకలో ఏఎఫ్ఏ. దరఖాస్తుకు ఫీజు లేదు. కస్టమ్స్ 30 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. ఏదైనా సమాచారం తక్కువైతే దాన్ని పంపడానికి మీకు 10 పనిదినాలు ఇస్తారు.

దరఖాస్తులు రెండు రకాలు. జాతీయ దరఖాస్తు ఒక్క సభ్య దేశానికే వర్తిస్తుంది. యూనియన్ దరఖాస్తు ఒక్కటి పెడితే అందులో కోరిన సభ్య దేశాలన్నిటికీ సరిపోతుంది. అయితే యూనియన్ దరఖాస్తుకు యూనియన్ అంతటా చెల్లే హక్కే ఉండాలి: ఈయూ ట్రేడ్‌మార్క్, ఈయూ డిజైన్, భౌగోళిక గుర్తింపు లాంటివి. మాడ్రిడ్ పద్ధతిలో (ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో మార్కుకు రక్షణ కోరే పద్ధతి) ఈయూని ఎంచుకుని రక్షణ పొందిన మార్కు కూడా చెల్లుతుంది. జర్మనీలోనో ఇటలీలోనో మాత్రమే రిజిస్టర్ చేసిన మార్కు చేతిలో పెట్టుకుని యూనియన్ దరఖాస్తు పెడితే తిరస్కారమే. మరీ ఎక్కువగా జరిగే పొరపాటు ఇది.

ఈ సేవలో మెచ్చుకోవాల్సింది పరిధి. పేటెంట్లు, మొక్కల రకాల హక్కులు, సెమీకండక్టర్ టోపోగ్రఫీలు (చిప్‌ల అమరిక డిజైన్లు) కూడా దీని కిందికొస్తాయి. దిగుమతితో పాటు ఎగుమతి, రీఎగుమతి, ఫ్రీ జోన్‌లో (సుంకం కట్టకుండా సరుకు ఉంచే ప్రాంతంలో) ఉన్న సరుకు మీదా చర్య తీసుకుంటారు. ఇక పోస్టులో వచ్చే చిన్న పార్శిళ్ల ఏర్పాటు ఆన్‌లైన్ అమ్మకాల కాలానికి సరిగ్గా సరిపోయింది. 3 యూనిట్లు మించని, లేదా 2 కిలోల స్థూల బరువు లోపున్న పార్శిల్‌ను నకిలీ అని అనుమానిస్తే, ప్రతి పార్శిల్‌కూ మిమ్మల్ని పిలవకుండానే ధ్వంసం చేయగలరు. కానీ దరఖాస్తులో ఆ పద్ధతి కావాలని పెట్టెలో టిక్ పెట్టాలి. పెట్టకపోతే అది మీకు లేనట్టే. టిక్ పెట్టే ముందు ఒక లెక్క వేసుకోండి: ధ్వంసం ఖర్చు కస్టమ్స్ అడిగితే మీరే కట్టాలి. పార్శిళ్లు వందల్లో వచ్చే బ్రాండుకు ఆ మొత్తం లెక్కలోకి తీసుకోదగినదే.

‘ఉచితం’ అన్న మాట ఇక్కడ దరఖాస్తుకే. నిల్వ, రవాణా, ధ్వంసం ఖర్చులన్నీ హక్కుదారు నెత్తినే పడతాయి. తర్వాత ఉల్లంఘించినవాళ్ల నుంచి రాబట్టుకునే హక్కు ఉంది కానీ, వాళ్లు దొరకాలి కదా.

అసలు పరీక్ష నోటీసు వచ్చాక మొదలవుతుంది. పాడైపోయే సరుకైతే 3 పనిదినాలు, మిగతావాటికి 10. ఈ గడువులో మీరు రెండు ముక్కలు రాసి పంపాలి – ఇది మా హక్కును ఉల్లంఘిస్తోంది, ధ్వంసానికి మా సమ్మతి ఉంది. సరుకు తెచ్చినవాళ్లు కూడా అదే గడువులో ఒప్పుకుంటే, లేదా నోరు మెదపకపోతే, వాళ్లూ సమ్మతించినట్టుగానే కస్టమ్స్ భావించవచ్చు. కోర్టు గడప తొక్కకుండా పని అయిపోతుంది. ఈ ఏర్పాటు నిజంగా మెచ్చదగినది. చిక్కల్లా ఒక్కటే: మీ 10 రోజులు, వాళ్ల 10 రోజులు పక్కపక్కనే నడుస్తాయి. వాళ్లు పదో రోజు సాయంత్రం అభ్యంతరం చెబితే కోర్టుకు వెళ్లడానికి మీకు మిగిలే సమయం ఉండదు. కాబట్టి ఏడో రోజుకల్లా అవతలి నుంచి జవాబు రాకపోతే, కారణం చూపుతూ మరో 10 పనిదినాల పొడిగింపు అడిగేయాలి. పాడైపోయే సరుకుకు ఆ పొడిగింపు లేదు. పదో రోజు దాకా ఆగి అడిగితే కస్టమ్స్ అధికారి సెలవులో ఉన్నా మీదే నష్టం. పైగా పనిదినాలంటే సరుకు ఆగిన దేశపు పనిదినాలు, మీ దేశానివి కావు.

ఏఎఫ్ఏ గరిష్ఠ గడువు ఏడాది. దానంతటది కొనసాగదు. పొడిగింపు దరఖాస్తు గడువు ముగియడానికి 30 పనిదినాల కన్నా తక్కువ ఉండగా అందితే కస్టమ్స్ దాన్ని తిరస్కరించవచ్చు. అంటే దాదాపు నెలన్నర ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. మధ్యలో మార్కు రద్దయినా, హక్కు చేతులు మారినా వెంటనే చెప్పాలి. శాంపిల్ తిరిగివ్వమన్నప్పుడు ఇవ్వకపోయినా, ఖర్చులు కట్టకపోయినా కస్టమ్స్ తన చర్యల్ని గడువు ముగిసేదాకా నిలిపేయవచ్చు. కస్టమ్స్ ఇచ్చిన వివరాల్ని అనుమతించిన పనులకు కాకుండా వేరే వాటికి వాడితే, జాతీయ దరఖాస్తు మీద ఇచ్చిన నిర్ణయాన్ని ఉపసంహరించవచ్చు, యూనియన్ దరఖాస్తు మీద ఇచ్చినదాన్ని నిలిపేయవచ్చు.

ఒక విషయం స్పష్టంగా గుర్తుంచుకోవాలి. మీ అనుమతితో తయారై, మీరు ఉద్దేశించని దారిలో వచ్చిన అసలు సరుకును, అంటే పారలల్ దిగుమతుల్ని, ఈ నియంత్రణ పట్టించుకోదు. లైసెన్స్ తీసుకున్న ఫ్యాక్టరీ ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ తయారు చేసి అమ్ముకున్నా అంతే. డిస్ట్రిబ్యూటర్లతో తగాదాకు దీన్ని ఆయుధంగా వాడాలనుకుంటే పనికిరాదు.

మీదుగా పోయే సరుకు సంగతి

ఈయూ సేవను అంచనా వేసేటప్పుడు దాని వెనకున్న గాయాన్ని తెలుగు పాఠకులు తప్పక తెలుసుకోవాలి. అప్పట్లో అమల్లో ఉన్న 1383/2003 నియంత్రణ కింద 2008 డిసెంబరులో డచ్ కస్టమ్స్ ఒక మందుల సరుకును ఆపింది. అది బ్రెజిల్‌కు పోతున్న లోసార్టన్, రక్తపోటు మందు. పంపింది మన డాక్టర్ రెడ్డీస్. భారత్‌లోనూ బ్రెజిల్‌లోనూ ఆ మందు చట్టబద్ధమే. మధ్యలో దిగిన నెదర్లాండ్స్‌లో మాత్రం పేటెంట్ ఉంది. కొన్ని వారాలు ఆగిన సరుకు చివరికి బ్రెజిల్ చేరకుండా భారత్‌కు వెనుదిరిగింది. 2010 మేలో భారత్, బ్రెజిల్ రెండూ ప్రపంచ వాణిజ్య సంస్థలో సంప్రదింపులు కోరాయి – డీఎస్408, డీఎస్409 నంబర్ల వివాదాలు అవే. 2011 జులైలో భారత్, ఈయూ మధ్య ఒక అవగాహన కుదిరింది. అదే ఏడాది డిసెంబరులో నోకియా, ఫిలిప్స్ కేసుల్లో ఈయూ న్యాయస్థానం, ఈయూ మార్కెట్లోకి మళ్లించే ఉద్దేశం కనబడకపోతే దాని మీదుగా పోయే సరుకును నకిలీగా లెక్కించలేమని చెప్పింది.

ఆ తర్వాత ట్రేడ్‌మార్క్ చట్టాన్ని మార్చి, అచ్చంగా అదే మార్కు, లేదా ముఖ్య అంశాల్లో తేడా పట్టలేని మార్కు ఉన్న సరుకును దారిలోనూ ఆపగలిగేలా చేశారు. 2016 మార్చి నుంచి అది అమల్లో ఉంది. గమ్యస్థాన దేశంలో అమ్మకాన్ని అడ్డుకునే హక్కు మీకు లేదని సరుకు యజమాని రుజువు చేస్తే హక్కు పోతుంది. యూరప్ రేవుల మీదుగా సరుకు పంపే ఎగుమతిదారులు కొనుగోలుదారు దేశంలో ఆ మార్కు ఎవరి పేరున ఉందో చూపే కాగితాన్ని సరుకుతో పాటే సిద్ధంగా ఉంచుకోవాలి. ఆగాక తెప్పించుకుంటే ఆలస్యమైపోతుంది.

అమెరికా

ఇక్కడిది సూటి పద్ధతి. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వారి ఈ-రికార్డేషన్‌లో ట్రేడ్‌మార్క్‌కు ఒక్కో అంతర్జాతీయ తరగతికి 190 డాలర్లు, కాపీరైట్ ఒక్కోదానికి 190 డాలర్లు. మార్కు పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు వారి ప్రిన్సిపల్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. సప్లిమెంటల్ రిజిస్టర్‌లో ఉన్నది చెల్లదు. నమోదు మీ రిజిస్ట్రేషన్ గడువుతో పాటే నడుస్తుంది, ఈయూలో లాగా ఏటా పరుగు ఉండదు. కాపీరైట్ నమోదుకు 20 ఏళ్లు.

పెద్ద ఊరట ఏమిటంటే నకిలీ అని తేల్చి జప్తు చేసేది కస్టమ్సే. ప్రతి కన్‌సైన్‌మెంట్‌కూ మీరు కోర్టుకు పరుగెత్తనక్కర్లేదు. సరుకును ఆపాక అది అసలైనదని నిరూపించుకోవడానికి దిగుమతిదారుకు 7 పనిదినాలు ఇస్తారు. మొదట మీకు అందే వివరాల్లో రేవు, తేదీ, పరిమాణం, తయారైన దేశం లాంటివే ఉంటాయి, పేర్లుండవు. జప్తు అయ్యాక 30 పనిదినాల్లో తయారీదారు, ఎగుమతిదారు, దిగుమతిదారుల వివరాలు వస్తాయి. వెనకున్న ఫ్యాక్టరీని పట్టుకోవాలంటే ఆ కాగితమే బంగారం, భద్రంగా ఫైలు చేసుకోండి.

లోటు పేటెంట్ల దగ్గర ఉంది. పేటెంట్‌ను ఇక్కడ నమోదు చేయడం కుదరదు. 1930 నాటి టారిఫ్ చట్టం సెక్షన్ 337 కింద అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ దగ్గర గెలిచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంటేనే కస్టమ్స్ అమలు చేస్తుంది. అది పెద్ద లాయర్లతో నడిచే వ్యవహారం, చిన్న సంస్థలకు అందనంత దూరం.

భారత్

2007 మే 8న వచ్చిన నియమాలే ఇప్పటికీ ఆధారం: దిగుమతి సరుకుల మీద మేధో సంపత్తి హక్కుల అమలు నియమాలు. ట్రేడ్‌మార్క్, కాపీరైట్, డిజైన్, భౌగోళిక గుర్తింపు వీటి పరిధిలో ఉన్నాయి. పేటెంట్లను 2018 జూన్‌లో తీసేశారు. అది సరైన నిర్ణయమే. ఒక యంత్రం పేటెంట్‌ను ఉల్లంఘిస్తోందో లేదో రేవులో నిలబడి కంటితో చూసి తేల్చడం ఏ అధికారికీ సాధ్యం కాదు. దరఖాస్తు మీద 30 పనిదినాల్లో నిర్ణయం రావాలి. ఒక కమిషనరేట్‌లో నమోదు చేస్తే, మీరు కోరిన మిగతా రేవులకూ వర్తిస్తుంది. రేవుల జాబితా రాసేటప్పుడు పిసినారితనం వద్దు. ముంబై దగ్గరి నావషేవా రేవులో గట్టిగా చూస్తారని తెలిస్తే సరుకు ఇంకో రేవుకు మళ్లుతుంది, ఇన్‌లాండ్ డిపోలకూ (సముద్రానికి దూరంగా ఉండే కంటైనర్ కేంద్రాలకూ) వెళ్తుంది.

ఇక బాండు. నమోదు సమయంలో ఒక సాధారణ బాండు రాసిస్తారు. సరుకు ఆగినప్పుడు ఆ కన్‌సైన్‌మెంట్ కోసం ప్రత్యేకంగా, ఆగిన మూడు రోజుల్లో మరో బాండు ఇవ్వాలి. 2011లో వచ్చిన సర్క్యులర్ ప్రకారం బాండు విలువ సరుకు విలువలో 110 శాతం, అందులో 25 శాతానికి బ్యాంక్ గ్యారంటీ రూపంలోనో ఫిక్స్‌డ్ డిపాజిట్ రూపంలోనో పూచీ పెట్టాలి. 10 లక్షల రూపాయల సరుకు ఆగిందనుకోండి. బాండు 11 లక్షలు, పూచీ 2 లక్షల 75 వేలు. అలాంటివి ఒకే నెలలో నాలుగు ఆగితే 11 లక్షల డబ్బు కదలకుండా పడి ఉంటుంది. దీనికి తోడు ధ్వంసం ఖర్చు, అప్పటిదాకా పడే డిమరేజ్, డిటెన్షన్ ఛార్జీలు (రేవులో సరుకు, కంటైనర్ నిలిచిపోయినందుకు కట్టేవి) కూడా హక్కుదారువే. తప్పుడు ఫిర్యాదుల నుంచి దిగుమతిదారును కాపాడాలన్న ఉద్దేశం న్యాయమైనదే. కానీ నకిలీ అని చివరికి తేలిన కేసులోనూ బాధితుడి డబ్బే ఇరుక్కుపోవడం బాధ కలిగిస్తుంది. మూడు రోజుల్లో బ్యాంక్ గ్యారంటీ పుట్టదు. లిమిట్ ముందే మంజూరు చేయించుకుని, బాండు ముసాయిదా స్టాంపు పేపరు మీద సిద్ధంగా పెట్టుకున్నవాళ్లే నిలబడగలరు.

సరుకు ఆపిన నాటి నుంచి 10 పనిదినాల్లో విచారణలో చేరాలి, ఇంకో 10 పొడిగింపు దొరకవచ్చు. పాడైపోయే సరుకుకు 3, పొడిగింపు 4. నకిలీ మార్కున్న సరుకును ఉన్నదున్నట్టుగా తిరిగి ఎగుమతి చేయనివ్వరు. సొంత వాడకం కోసం ప్రయాణికులు తెచ్చుకునేవీ, చిన్న పార్శిళ్లలో వచ్చేవీ నియమాల బయట ఉన్నాయి. ఎగుమతులు అసలే లేవు. ఈయూతో పోలిస్తే ఇవి రెండూ పెద్ద ఖాళీలు.

సరుకు తయారైన చోటు నుంచి బయటికి రాకముందే ఆపాలంటే చైనా కస్టమ్స్ నమోదు చూడండి. అక్కడ ఎగుమతినీ ఆపుతారు, నమోదు 10 ఏళ్లు ఉంటుంది. కానీ నోటీసు అందిన 3 పనిదినాల్లో దరఖాస్తు, పూచీ రెండూ అందించాలి. స్థానికంగా ఏజెంటు లేకుండా అది జరగని పని.

గుర్తింపు పత్రం సరిగ్గా లేకపోతే ఏ నమోదూ పని చేయదు

దరఖాస్తుతో పాటు ఇచ్చే గుర్తింపు పత్రం మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది. దాన్ని చదివే అధికారి ముందు రోజుకు ఎన్నో రకాల సరుకులుంటాయి, మీ సరుకు గురించి ఆయనకు ఏమీ తెలియదు. ‘నకిలీలో లోగో మసగ్గా ఉంటుంది, నాణ్యత తక్కువ’ అని రాస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు. వాహనాల ఆయిల్ ఫిల్టర్‌నే తీసుకోండి. పనికొచ్చే పత్రం ఇలా చెబుతుంది: అసలు దానిలో అడుగు పళ్లెం మీద అక్షరాలు లోహంలోకి గుద్ది ఉంటాయి, నకిలీలో ఇంకుతో ముద్రించి ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. అసలు బ్యాచ్ కోడ్‌లో ఒక అక్షరం, ఆరు అంకెలు. మాస్టర్ కార్టన్‌లో 24 పీసులు, కార్టన్ మీద స్టిక్కర్ కుడి పైమూలన. ఈ దేశంలోని ఈ ఫ్యాక్టరీలో మాత్రమే తయారవుతుంది, ఈ రేవుల నుంచే బయల్దేరుతుంది, ఈ హెచ్ఎస్ కోడ్ (సరుకుల వర్గీకరణ సంఖ్య) కిందే వస్తుంది, ఇన్వాయిస్‌లో ధర ఇంతకు తగ్గదు. చివరి నాలుగూ చాలామంది వదిలేస్తారు. పెట్టె తెరవకముందే, కాగితాల మీదే అనుమానం పుట్టించేవి అవే. పక్కపక్కన రెండు ఫోటోలు, బాణం గుర్తు, ఫోటో కింద ఒక్క వాక్యం చాలు. ఈయూ కోసం రాస్తుంటే మాటలు తగ్గించి బొమ్మలు పెంచండి, చూసే అధికారులు ఎన్నో భాషల వాళ్లు.

రహస్య గుర్తులు, అంటే అతినీలలోహిత సిరా, దాచిన సూక్ష్మాక్షరాలు లాంటివి అందులో రాయొద్దు. పత్రం ఎన్ని చేతులు మారుతుందో మీ అదుపులో ఉండదు. వాటిని శాంపిల్ పరీక్షించి ఇచ్చే నివేదిక కోసం దాచుకోండి.

అధీకృత దిగుమతిదారులు, లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీల జాబితా పాతబడనివ్వకండి. కొత్త ఫ్యాక్టరీతో ఒప్పందం చేసుకుని జాబితాలో చేర్చడం మరిచిపోతే మీ సొంత సరుకే ఆగుతుంది, డిమరేజ్ మీటరు తిరుగుతుంది. సంప్రదించాల్సిన వ్యక్తిగా ఒకే ఒక్కరి ఈమెయిల్ ఇవ్వడం ఇంకో పెద్ద పొరపాటు. ఆ మనిషి ఉద్యోగం మానేసిన నెలలోనే నోటీసు వస్తుంది. లీగల్, టెక్నికల్ ఇద్దరికీ అందే ఉమ్మడి మెయిల్ ఐడీ ఇవ్వండి. నోటీసు వచ్చిన రోజే అందిందని జవాబిచ్చి ఫోటోలు అడగండి. మూడో రోజుకు ఫ్యాక్టరీ అభిప్రాయం, ఆరో రోజుకు సంతకం చేసిన నివేదిక సిద్ధం కావాలి. నివేదికలో ‘నకిలీ కావచ్చు’ అని రాస్తే సరుకు వదిలేయడానికి దారి చూపినట్టే. నకిలీ అని తేల్చి, ఏ ఏ తేడాల వల్లో కనీసం రెండు మూడు, ఆ కన్‌సైన్‌మెంట్ ఫోటోల నంబర్లతో సహా రాయాలి. ఒకవేళ సరుకు అసలైనదే అని తేలితే ఆ మాటా అదే రోజు రాసి పంపండి. ఆగిన ప్రతి రోజుకూ నష్టపరిహారం లెక్క పెరుగుతుంది.